గడప ఎవరిది?



ఈ నెల ఇంటి అద్దెను గూర్చి వ్రాయుచున్నాము. ఇది సంఘ పత్రికలో వ్రాయదగిన సంగతియా అని కొందరికి తోచవచ్చును. మాకును మొదట అట్లే తోచినది. అయితే 2024 ఆగస్టు నెలలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక విధవరాలు అందరును వెళ్లువరకు చాపమీదనే కూర్చుండి, పిమ్మట మాయొద్దకు వచ్చి ఒక ప్రశ్న అడిగెను.

“అయ్యగారండీ, నా ఇంటికి నేను తాళం వేసుకుంటే పాపమాండి?”

ఆమె కుమార్తె పదునొకండు సంవత్సరములు కువైటులో ఇండ్లలో పనిచేసి పంపిన సొమ్ముతో పాత పెంకుటింటి స్థలమున రెండు వాటాల డాబా కట్టిరి. వెనుక వాటాలో ఆమె ఉండును. ముందు వాటా నెలకు 3,500 రూపాయలకు అద్దెకిచ్చెను. ఆ అద్దెలోనుండియే ఆమె రక్తపోటు మాత్రలు, షుగరు మాత్రలు రావలెను. అద్దెకున్నవాడు ఆటో నడుపుకొను మనిషి. భార్య, ముగ్గురు పిల్లలు. ప్రక్క గ్రామపు సంఘమునుండి వచ్చి మన సంఘములోనే చేరినవారు. మే నెలలో ఆటో బోల్తాపడి అతని కాలు విరిగినది. జూను మొదలు అద్దె లేదు. హైదరాబాదులో పనిచేయుచున్న ఆమె కుమారుడు ఫోనులో, వారు కూలికి వెళ్లిన వేళ చూచి తాళము వేయుమని చెప్పుచుండెను.

మేమేమి చెప్పితిమి? “అమ్మా, వారు కష్టములో ఉన్నారు, సహించుము” అని చెప్పితిమి. ప్రార్థనచేసి పంపితిమి. ఆ దినము మధ్యాహ్నము తృప్తిగా భోజనము చేసితిమి.

తరువాతి జనవరిలో ఆమెకు కళ్లు తిరిగి పడిపోయినదని విని చూడబోతిమి. మాత్రల డబ్బా తీసి చూడగా, దినమునకు రెండు వేసికొనవలసిన మాత్రను ఆమె రెండు దినములకొకటి చొప్పున వేసికొనుచున్నది. “మీరు సహించమన్నారు గదండి” అనెను. నిందించుటకు అనలేదు, ఉన్నమాట చెప్పినది. మాకు మాత్రము తల ఎత్తుటకు ముఖము లేకపోయెను. సంఘము కట్టించిన ఇంట, అద్దె అను మాట ఎరుగక కాపురమున్న మేము, ఆమె మాత్రల సొమ్ముతో ఆటోవానికి దానధర్మము చేసితిమి. ఒకరి చేతి సొమ్ముతో మరియొకరు కనికరము చూపుట కంటె సులభమైనది లోకములో లేదు. కాపరులమైన మేము దీనిని తరచుగా చేయుచుందుము.

ఇట్టి చిన్న యజమానులు ఇప్పుడు మన సంఘములలో అనేకులున్నారు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, నర్సులు, గల్ఫునుండి తిరిగి వచ్చినవారు మండల కేంద్రములలో ఒక వాటాయో రెండు వాటాలో కట్టుకొని అద్దెకిచ్చుచున్నారు. ధనవంతులు కారు. మన తండ్రులకు ఇండ్లు అద్దెకిచ్చునంత స్థితియే లేదు. వారికి తెలిసినదెల్ల అద్దెకు అడుగుట. పట్టణమునకు పిల్లల చదువుకొరకు వెళ్లి ఇల్లడిగినప్పుడు “మీరేమిటోళ్లండి?” అని మొదటి ప్రశ్న వచ్చెడిది. జవాబు విన్న తరువాత, గోడకు తగిలించిన ‘టు లెట్’ బోర్డు అట్లే ఉండగా, ఇల్లు ఖాళీ లేదని చెప్పెడివారు. మేమును విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ మాట రెండు గుమ్మములయొద్ద వింటిమి. నేటికిని అది పోలేదు. ఐగుప్తులో పరదేశులైయున్నవారు పరదేశి మనస్సు ఎరుగుదురని నిర్గమకాండము 23వ అధ్యాయము చెప్పుచున్నది. అయితే గుమ్మమునకు ఇవతలనుండి అవతలకు మారినప్పుడు ఆ ఎరుక ఎంతకాలము నిలుచునో మనమే చెప్పుకొనవలెను.

ఇక కథకు వచ్చెదము. ఫిబ్రవరిలో కుమారుడు సెలవుపెట్టి వచ్చెను. రెండు వాటాలకును ఒకటే మీటరు. ఒక రాత్రి అతడు ముందు వాటాకు వెళ్లు తీగను విప్పివేసెను. ఆ ఇంటి పెద్దపిల్ల పదవ తరగతి, నెలదినములలో పరీక్షలు. ఆ పిల్ల పుస్తకము పట్టుకొని వీధిదీపము క్రింద కూర్చున్నదని ఎవరో వచ్చి చెప్పగా వెళ్లితిమి. కుమారుడు గుమ్మములోనే నిలిచియుండెను.

“మా ఇంటి కరెంటు మేం తీసుకున్నామండి. దానికి కూడా అడగాలాండి?”

అతడు దుర్మార్గుడు కాడు. తల్లి పడిపోయినదన్న కబురు విని వచ్చినవాడు. దానికి తోడు ఎవరో అతని చెవిలో వేసినమాట ఒకటున్నది: పన్నెండేండ్లు ఒకచోట ఉంటే ఇల్లు వాళ్లదే అయిపోతుందని. ఈ మాట మన గ్రామములలో ప్రతి యజమానిని భయపెట్టుచున్నది. ఈ భయముచేత కొందరు మంచివారినిగూడ రెండేండ్లకొకసారి ఖాళీచేయించుచున్నారు. కనుక దీనిని కొంచెము విప్పి చెప్పెదము.

మేము వకీళ్లము కాము. మునసబు కోర్టు అని మన పెద్దలు పిలిచిన జూనియరు సివిలు జడ్జి కోర్టులో పనిచేయు ఒక వకీలుగారిని అడిగి తెలిసికొనినది వ్రాయుచున్నాము. పన్నెండేండ్ల మాట, యజమాని హక్కును కాదని, అది తనదేనని బాహాటముగా అనుభవించువానికి సంబంధించినది. అద్దెదారుడు యజమాని అనుమతితో వచ్చినవాడు. అద్దెదారుడుగా ఉన్నంతకాలము, పన్నెండు కాదు ముప్పది ఏండ్లున్నను ఇల్లు అతనిది కాదు. ఎవరియొద్ద ఇల్లు పుచ్చుకొనెనో వారికి ఆ ఇంటిమీద హక్కు లేదని అతడు కోర్టులో వాదించుటకుగూడ వీలులేదు. అయితే అతడు అద్దెదారుడే అని రుజువుచేయుటకు ఏదైన ఉండవలెను గదా. మనవారు అడ్వాన్సు చేతికి పుచ్చుకొందురు, అద్దె చేతికి పుచ్చుకొందురు, ఒక చీటిముక్క ఉండదు. అడిగితే “మనలో మనకు కాగితాలెందుకండీ” అందురు. చిక్కంతయు అక్కడ పుట్టుచున్నది.

యిర్మీయా ప్రవక్త తన బంధువునియొద్ద పొలము కొనిన సంగతి 32వ అధ్యాయములో చదువుడు. స్వంత పినతండ్రి కుమారుడు. ఊరు ముట్టడిలో ఉన్నది. ప్రవక్త చెరసాలలో ఉన్నాడు. అయినను పదునేడు తులముల వెండి తూచి యిచ్చి, సాక్షులచేత వ్రాలు చేయించి, ముద్రవేసినది ఒకటి, ముద్రవేయనిది ఒకటి, రెండు పత్రములను మట్టికుండలో దాచించెను. ఆయన బంధువును నమ్మక అట్లు చేసెనని ఎవరును అనరు. కాగితము నమ్మకము లేనివారి కొరకని మనము అనుకొనుచున్నాము గాని, మనస్సు మారుటయు జ్ఞాపకము తప్పుటయు మంచివారికిని కలుగును.

పదునొకండు నెలల కాగితము ఎందుకని కొందరు అడుగుచుందురు. సంవత్సరమునకు మించిన అద్దె కరారును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము ప్రకారము రిజిస్టరు చేయింపవలెను. ఆ ఖర్చు తప్పించుకొనుటకు పదునొకండు నెలలని వ్రాసికొందురు. నెలలు నిండగానే అద్దెదారుని చేయిపట్టి వెలుపలికి నడిపించుటకు ఆ కాగితము అధికారమిచ్చునని మాత్రము తలంపవద్దు. వేరే కరారు లేనిచోట నెలనెలా అద్దెకు ఉన్నవానికి పదునైదు దినముల నోటీసు ఇయ్యవలెనని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము చెప్పుచున్నది. నోటీసు గడువు దాటినను అతడు కదలకపోతే కోర్టులో దావా వేయవలెను. యజమాని స్వహస్తముతో సామాను వీధిలో పడవేసినయెడల, వెళ్లగొట్టబడినవాడు ఆరు నెలలలోపల 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టము క్రింద దావా వేసి, ఇల్లు ఎవరిదను ప్రశ్న లేకుండనే తిరిగి లోపలికి రాగలడు. స్థిరముగా కాపురమున్నవానిని, అతని హక్కు ముగిసినను, చట్టమార్గమున తప్ప బయటికి పంపరాదని సుప్రీంకోర్టు 1989లో ఒక తీర్పులో స్పష్టపరచినది. నీరు, వెలుతురు ఆపుట విషయములోను ఇంతే. 2021లో కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములకు పంపిన మాదిరి అద్దె చట్టములోను అట్లు ఆపరాదని ఉన్నది. వకీలుగారు కుమారునితో అన్నమాట మాకు బాగుగా జ్ఞాపకమున్నది: “గెలిచే కేసును మీ చేతులతో ఓడగొట్టుకోకండి.”

కోర్టు సంగతి అట్లుండనిండు. దేవుని యెదుట సంగతి ఏమి? ఆ రాత్రి మేము ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము 10, 11 వచనములు అతనికి చదివి వినిపించితిమి. అప్పు ఇచ్చినవాడు తాకట్టు వస్తువు తీసికొనుటకు అప్పుపడినవాని ఇంటిలోనికి వెళ్లరాదు, వెలుపల నిలిచియుండవలెను, ఆ మనుష్యుడే దానిని వెలుపలికి తేవలెను. బాకీ నిజము కాదని అక్కడ చెప్పబడలేదు. రావలసిన సొమ్ము వదలుకొనుమనియు చెప్పబడలేదు. గడప దాటవద్దని మాత్రమే చెప్పబడినది.

కుమారుడు కొంచెము సేపు ఊరకుండి, “అయ్యగారండీ, అక్కడ ఇల్లు అప్పు పుచ్చుకున్నవాడిది. ఇక్కడ ఇల్లు మాదండి” అనెను.

నిజము చెప్పవలెనన్న మాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంటికి వచ్చి రెండు మూడు దినములు దానినే తలపోయుచుంటిమి. ఇల్లు అద్దెకిచ్చువాడు ఏమి అమ్ముచున్నాడు? గోడలు అమ్ముట లేదు, స్థలము అమ్ముట లేదు. ఒక కుటుంబము లోపలికి వెళ్లి గడియ వేసికొను హక్కును నెలనెలకు అమ్ముచున్నాడు. ఆ గడియ వెనుక ఒక స్త్రీ స్నానము చేయును, బిడ్డకు పాలిచ్చును, భర్తతో పోట్లాడును, ప్రార్థన చేయును. ఆ గడియ అమ్మివేసిన తరువాత గోడలు నావే గనుక గడియయు నాదే అనుట చెల్లదు. సొమ్ము రానందున ఆ హక్కు ముగిసినది అందురా? ముగిసియుండవచ్చును. అయితే ముగిసినదని తీర్పుచెప్పవలసినవాడు ఎవడు? తగాదాలో ఒక ప్రక్కనున్నవాడే న్యాయాధిపతియు, బంట్రోతును అయినయెడల, నేడు ఈ తల్లి పక్షముగా న్యాయము జరిగినట్లు కనబడినను, రేపు ఇదే నియమము పట్టుకొని పెద్ద భూస్వామి మన పాకల మీదికి వచ్చును. మరియు ఆ పదవ తరగతి పిల్ల అద్దె మాట్లాడలేదు, బాకీ పడలేదు. వెలుతురు పోయినది ఆ పిల్లకు.

లేవీయకాండము 25వ అధ్యాయములో దేవుడు ఇశ్రాయేలీయులతో భూమి తనదే అనియు, వారు తనయొద్ద కాపురమున్న అతిథులనియు చెప్పుచున్నాడు. యజమానులుగూడ ఒకరి ఇంట అద్దెకున్నవారే అన్నమాట. మనము ఎన్ని నెలల బాకీ ఉన్నామో లెక్కవేయకపోవుటయే మేలు.

ఇంత వ్రాసినందున మేము అద్దెదారుల పక్షమని తలంపవద్దు. మత్తయి 21వ అధ్యాయములో ద్రాక్షతోట గుత్తకు పుచ్చుకొనిన కాపులున్నారు. వారికి పంట పండలేదని ఎక్కడను లేదు. పండినది, ఇయ్యలేదు. వారసుని చంపితే తోట తమదగునని అనుకొనిరి. లేక ఇయ్యనివాడు వేరు, ఉండి ఇయ్యనివాడు వేరు. ఈ భేదము మన పాత అద్దె చట్టమునకును తెలియును. 1960లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన కట్టడముల అద్దె నియంత్రణ చట్టము పట్టణములలో అమలైనప్పుడు, అద్దెదారుడు బుద్ధిపూర్వకముగా బాకీపడెనా లేదా అని అధికారి విచారింపవలెను. బుద్ధిపూర్వకము కాదని తోచినయెడల పదునైదు దినములకు మించని గడువిచ్చి, చెల్లించినచో ఖాళీచేయించు అర్జీని కొట్టివేయవచ్చును. చట్టము వ్రాసినవారు మనుష్యుని ముఖము చూచి వ్రాసిరి. నేడు ఏ ఊరికి ఏ అద్దె చట్టము వర్తించునో వకీలునడిగి తెలిసికొనుడు. రెండు రాష్ట్రములలోను ఒకటే అనుకొనవద్దు.

మన ఆటో సహోదరుడు ఏ కోవకు చెందినవాడు? ఇది మేము అడుగవలసిన మొదటి ప్రశ్న, ఆగస్టులోనే అడుగవలసినది. ఫిబ్రవరిలో అడిగితిమి. జూను మొదలు అక్టోబరు వరకు అతనికి నిజముగా లేదు. నవంబరునుండి అద్దె ఆటో నడుపుచున్నాడు, కొంచెము వచ్చుచున్నది. ఆ కొంచెము ఆసుపత్రి అప్పునకు, వడ్డీవానికి ఇచ్చుచున్నాడు. డిసెంబరులో ఒకసారి ఈమెకు రెండువేలు ఇచ్చెను. “ముందు వాళ్లకెందుకిచ్చావయ్యా?” అనగా, “వాళ్లు ఇంటి మీదికొచ్చి అరుస్తారండి. అమ్మమ్మగారు అరవరండి” అనెను.

సహోదరులారా, ఆ మాటను చదివి ముందుకు పోవద్దు. ఎవరు మృదువుగా ఉందురో వారి బాకీ చివరకు పోవుచున్నది. ఆమె సాత్వికము ఆమెకే దండుగ ఆయెను. అరచువానికి చెల్లించి అరవనివారికి ఎగవేయుట కూడ ఒక దోపిడియే అని అతనితో ఆ దినముననే చెప్పితిమి. అతడు ఏడ్చెను. భార్య మాత్రము ఏడువక, “నేను మొదట్నుంచీ చెప్తానే ఉన్నానండి” అనెను.

అప్పటికి రెండు కుటుంబములును సంస్కారపు ఆదివారమున రాకుండుట మానివేసిరని చెప్పుటకు సిగ్గుపడుచున్నాము. వచ్చుచుండిరి, కాని బల్లయొద్దకు ఒకరు ముందు వరుసలో, ఒకరు చివర, చూపులు కలియకుండ వచ్చిపోవుచుండిరి. సంఘ పెద్దలు ఇద్దరిని తీసికొని పాస్టరు ఇంట కూర్చుండబెట్టితిమి. విశ్వాసులు ఒకరిమీద ఒకరు కోర్టుకెక్కుటను పౌలు మొదటి కొరింథీయులకు 6వ అధ్యాయములో మందలించి, మీలో తీర్పు తీర్చగల జ్ఞానవంతుడు ఒకడైనను లేడా అని అడిగెను గదా. అదే పౌలు అన్యాయము జరుగునప్పుడు కైసరు ఎదుట చెప్పుకొందునని పలికినవాడనియు మరువరాదు. ఆ అపొస్తలుడు రోమాలో రెండు సంవత్సరములు అద్దె ఇంటనే ఉండెనని అపొస్తలుల కార్యముల చివరి అధ్యాయము చెప్పుచున్నది. గొలుసుతో, కావలి సిపాయితో వచ్చిన ఖైదీకి ఇల్లు అద్దెకిచ్చిన ఆ రోమా యజమాని ఎవరో లూకా వ్రాయలేదు. అడ్వాన్సు ఎంత పుచ్చుకొనెనో మాకు తెలిసికొనవలెనని ఉన్నది.

లెక్క ఇట్లు తేలినది. పరీక్షలు కాగానే, ఏప్రిలు 30 నాటికి ఇల్లు ఖాళీ చేయవలెను. అప్పటికి పదునొకండు నెలల అద్దె 38,500. ఇచ్చిన రెండువేలు, అడ్వాన్సు ఏడువేలు పోగా 29,500. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిలు అద్దె 10,500 సంఘపు బీదల నిధినుండి ఆమె చేతికే ఇచ్చితిమి. ఆగస్టులో “సహించుము” అని చెప్పిన దినముననే నిధి పెట్టె తెరువవలసినది, అప్పుడు తోచలేదు. మిగిలిన 19,000లో ఆమె తనంతట తాను ఐదువేలు వదలుకొనెను. మేము అడుగలేదు, ఈసారి అడుగకూడదని నోరు కట్టుకొని కూర్చుంటిమి. పదునాలుగువేలు నెలకు వెయ్యి చొప్పున అతడు తీర్చవలెను. తీగ ఆ రాత్రే తిరిగి కలుపబడినది. కుమారుడే కలిపెను.

వకీలుగారి సలహాపై ఈ ఒప్పందమును లోక్ అదాలతులో నమోదు చేయించితిమి. 1987 నాటి న్యాయ సేవాధికార చట్టము ప్రకారము అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానము. దానిమీద అప్పీలు లేదు. దావా వేయకముందేకూడ వెళ్లవచ్చును. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయ సహాయము దొరకును. మన సంఘములలోని విధవరాండ్రలో ఎందరికి ఇది తెలియునో మాకు అనుమానమే.

ఏప్రిలు 30న వారు ఖాళీచేసిరి. పిల్ల పరీక్ష ప్యాసాయెను. ముందు వాటాలోనికి ఇప్పుడు వేరొక కుటుంబము వచ్చినది. ఈసారి కాగితము వ్రాసికొనిరి, వారి వాడకము లెక్కకు వేరే మీటరు పెట్టించిరి, నెలనెలా రసీదు ఇచ్చుచున్నారు. లోక్ అదాలతు కాగితము ఆమె బియ్యపు డబ్బాలో దాచినది.

అతడు మే నుండి ఆగస్టు వరకు నాలుగువేలు తీర్చెను. సెప్టెంబరు, అక్టోబరు ఇయ్యలేదు. కుమారుడు డిక్రీ అమలు పెట్టించెదనని ఫోను చేయుచున్నాడు. పోయిన ఆదివారము ఆమె మరల చాపమీద చివరిదాక కూర్చుండి, మాయొద్దకు వచ్చి, “ఆ పదివేలు అడగమంటారా అయ్యగారండీ, వదిలేయమంటారా?” అని అడిగెను.

“మాత్రలు ఎన్నాళ్లకున్నాయమ్మా?” అని అడిగితిమి.

“నాలుగు రోజులకున్నాయండి.”

మరుసటి దినము ఉదయమే ఆటో స్టాండునకు వెళ్లితిమి.